నిడదవోలు ఫైనల్లో నేనిచ్చిన ఫాల్ట్

1996 డిసెంబరులో నిడదవోలులో జరిగిన బాల్ బ్యాడ్మింటన్ టోర్నమెంటు ఫైనలుకు నన్ను అంపైరుగా వేశారు. అప్పటికి నేను రాజమండ్రిలో ఒక డిగ్రీ కళాశాల ఫిజికల్ డైరెక్టరుని. రాష్ట్ర ప్యానెల్ అంపైరుగా పేరుంది. జాతీయ ప్యానెల్‌కు రాతపరీక్ష, మౌఖికపరీక్ష గట్టెక్కాను. ఇక ప్రాక్టికల్ మిగిలింది. అంటే మనం ఒక పెద్ద మ్యాచ్ నడుపుతుంటే పరిశీలకుడొకాయన పక్కన కూర్చుని మార్కులు వేస్తాడు. నాకు ఆ మ్యాచ్ ఈ ఫైనలే.

ఈ ఆట తెలియనివారికి రెండు మాటలు. మట్టి కోర్టు, నెట్టుకు అటు అయిదుగురు, ఇటు అయిదుగురు, పసుపుపచ్చ ఉన్ని బంతి. బంతి బ్యాటుకే తగలాలి. ఒంటికి గాని, బట్టకు గాని తగిలితే ఫాల్ట్; పాయింటు అవతలివాళ్ళకి. చిక్కు ఎక్కడంటే, ఉన్ని బంతి చొక్కా అంచును రాసుకుంటూ పోతే చప్పుడు రాదు. ఎత్తు కుర్చీలో కూర్చున్న అంపైరుకు చాలాసార్లు కనపడదు కూడా. అందుకని గోదావరి జిల్లాల్లో ఒక అలవాటు ఉండేది. తగిలితే ఆటగాడే ఎడమ చెయ్యి ఎత్తి “టచ్” అనేవాడు. నిబంధనల పుస్తకంలో ఈ మాట లేదు. పుస్తకం ప్రకారం అంపైరు చూసిందే లెక్క.

ఈ చెయ్యెత్తడంలో ఆరితేరినవాడు ముత్యాలరావు. పెద్దాపురం జట్టులో వెనక వరస ఆటగాడు. ఆట పుణ్యమా అని ఒక పంచదార మిల్లులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. కాలేజీలో నాకంటే రెండేళ్ళు చిన్న. ఇద్దరం ఒకే జట్టుకు ఆడాం. ఒకసారి అంతర్ కళాశాలల పోటీలో గెలవాల్సిన మ్యాచ్‌లో చెయ్యెత్తి మమ్మల్ని ఓడించాడు. మర్నాడు ప్రిన్సిపాల్ గారు అందరి ముందూ అతన్ని పిలిచి శాలువా కప్పారు. ఆ మ్యాచ్‌లో మా జట్టు పాయింట్లలో సగం నావి. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. దాచుకోవడమెందుకు, నా కడుపుమంట ఆ రోజు మొదలైంది. అతను నన్ను ఎక్కడ చూసినా “మాస్టారూ” అంటూ ఎదురొచ్చి నమస్కారం పెట్టేవాడు. అదీ భరించలేకపోయేవాణ్ణి.

అంపైరునయ్యాక ఇది ముదిరింది. అతను చెయ్యెత్తినప్పుడల్లా జనం చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లలో నాకు వినపడేది ఒకటే: అంపైరు చూడలేదు. అతని నిజాయితీ నా కళ్ళకు గుడ్డితనం అంటగడుతోందని నా ఏడుపు.

ఫైనల్ పెద్దాపురానికీ భీమవరానికీ పడింది. రాష్ట్ర జట్టును ఎంపిక చేసేవాళ్ళు కూడా వచ్చారు. ముత్యాలరావుకు ముప్పై అయిదు నిండుతున్నాయి. రాష్ట్ర జట్టుకు ఒక్కసారైనా ఆడాలన్నది అతని కోరిక. అది ఆ రోజు తప్పితే ఇంకెప్పుడూ కాదని అందరికీ తెలుసు.

మొదటి గేములో ఒకసారి, రెండో గేములో ఒకసారి చెయ్యెత్తాడు. రెండూ నేను చూడనివే. రెండోసారి జనంలోంచి ఒక పెద్దాయన అరిచాడు: “అంపైరుగారూ, తమరు కిందకి దిగి కాస్త టీ తాగండి. మా ముత్యాలు ఆడుతూనే చూసుకుంటాడండి!” అందరూ నవ్వారు. పరిశీలకుడు కూడా నవ్వి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆయన ఏం రాశాడో అన్న ఆలోచనతోనే మూడో గేము మొదలుపెట్టాను. ఆ క్షణం నుంచి నేను మ్యాచ్ చూడలేదు. ముత్యాలరావు చొక్కా చూస్తూ కూర్చున్నాను. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి అతను ఎత్తకుండా వదిలేసింది నాకు దొరకాలి. అంతే.

మూడో గేము చివరికొచ్చింది. రెండు జట్లూ గెలుపుకు రెండేసి పాయింట్ల దూరంలో ఉన్నాయి. సర్వీసు భీమవరానిది. వాళ్ళ ఆటగాడు బలంగా కొట్టిన బంతి నేరుగా ముత్యాలరావు మీదికి వచ్చింది. అది గీత దాటి పోతుందని లెక్కవేసి అతను బ్యాటు వెనక్కి లాగి పక్కకు ఒరిగాడు. బంతి అతని నడుం పక్కనుంచి వెళ్ళి గీత అవతల పడింది. లైన్ అంపైరు “అవుట్” అని చేతులు చాపాడు. ముత్యాలరావు చొక్కా అంచు కదలడం నాకు కనపడింది. అతను చెయ్యెత్తలేదు.

“ఫాల్ట్! బాడీ టచ్!” అన్నాను. నా గొంతు అవసరానికి మించి లేచింది.

బంతి కొట్టిన భీమవరం కుర్రాడే “తగిలిందాండీ?” అన్నాడు. ముత్యాలరావు చొక్కా అంచును చేత్తో పట్టుకుని చూసుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. అప్పటికి బంతి పడి చాలాసేపయింది. అయినా అతను వదిలిన చొక్కా అంచు ఇంకా ఎగురుతూనే ఉంది. తూర్పుగాలి. నేను చూసిన కదలిక ఆ గాలిదేనని అప్పుడు తెలిసింది.

అంపైరు తన నిర్ణయాన్ని మార్చుకోవచ్చు. తర్వాతి సర్వీసు పడేలోపు “నేను పొరబడ్డాను” అంటే సరిపోతుంది; ఎవరూ తప్పు పట్టరు. భీమవరం ఆటగాడు బంతి పట్టుకుని నా సంజ్ఞ కోసం ఆగాడు. నాకు కావలసినంత వ్యవధి ఉంది. ఈలోగా ముత్యాలరావు మెల్లగా ఎడమ చెయ్యి ఎత్తాడు. నేను సంజ్ఞ ఇచ్చాను. మరుసటి పాయింటుతో భీమవరం మ్యాచ్ గెలిచింది.

అతను నా దగ్గరకు వచ్చి, “మీరు చూశారంటే తగిలే ఉంటుందండి మాస్టారూ. నాకెందుకో తెలియలేదు. క్షమించండి” అన్నాడు. పరవాలేదులే అన్నాను. నిజంగా ఆ మాటే అన్నాను. పరిశీలకుడు తన నివేదికలో నా చూపు నిశితమైనదని, ఒత్తిడిలో తొణకనని రాశాడు. రెండు నెలల్లో జాతీయ ప్యానెల్ బ్యాడ్జి వచ్చింది. రాష్ట్ర జట్టులో ముత్యాలరావు పేరు లేదు.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించనిది. అతను తగలని బంతులకు కూడా చెయ్యెత్తడం మొదలుపెట్టాడు. జానెడు దూరంలో పోయిన బంతికి కూడా ఆగి, చొక్కా తడుముకుని, అనుమానం వచ్చి చెయ్యెత్తేసేవాడు. అలాంటి మ్యాచ్‌లు రెండు నేనే నడిపాను. తగల్లేదని నాకు స్పష్టంగా కనిపిస్తున్నా, ఆటగాడే ఒప్పుకున్నాడు కదా అని పాయింటు అవతలివాళ్ళకి ఇచ్చాను. మొదట్లో సంతోషించాను కూడా. రెండో ఏడు పెద్దాపురం జట్టు అతన్ని పక్కన పెట్టింది.

2003లో రాజమండ్రిలో కొత్త అంపైర్లకు శిక్షణ తరగతులు పెట్టాం. ఆటగాళ్ళ తరఫున మాట్లాడడానికి ముత్యాలరావును పిలిచారు. పిలిచింది నేను కాదు. అతను నిడదవోలు సంగతి ఎత్తాడు. “నా ఒంటికి తగిలింది నాకే తెలియని రోజు ఒకటుందండి. మాస్టారి కంటికి దొరికాను. అందుకని ఆటగాడు ఒప్పుకుంటాడులే అని ఊరుకోకండి, మీ కళ్ళు మీవే” అన్నాడు. హాలంతా చప్పట్లు. నాకు కాదు, తప్పు ఒప్పుకున్నందుకు అతనికి! చెయ్యని తప్పుకు కూడా నా ముందే మెప్పు పొందుతున్నాడని నాకు ఒళ్ళు మండింది. పశ్చాత్తాపంతో చెప్పానని అనిపించుకోవాలని ఇప్పుడు ఉంది గాని, నిజానికి ఆ మంటతోనే చెప్పాను. టీ విరామంలో అతన్ని వరండాలోకి తీసుకెళ్ళి, “ఆ రోజు నీకు తగల్లేదు. గాలికి చొక్కా కదిలింది. సర్వీసు పడకముందే నాకు తెలుసు” అన్నాను.

అతను టీ గ్లాసు కిటికీ అంచున పెట్టాడు. “అయితే తగల్లేదన్నమాట” అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు. కోపం తెచ్చుకుంటాడేమో, అప్పుడైనా అతనూ నాలాంటి మనిషేనని తేలుతుందేమో అని చూశాను.

“అది అప్పుడే చెప్పుంటే ఇంకో రెండేళ్ళు ఆడేవాణ్ణండి” అన్నాడు. గ్లాసు తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయాడు. నన్ను మాస్టారూ అని పిలవడం ఆ పూటతో మానేశాడు.

మధ్యాహ్నం తరగతి నాది. విషయం: నిర్ణయాన్ని ఎప్పుడు, ఎలా మార్చుకోవాలి. చూసింది మాత్రమే ఇవ్వాలి, చూడలేదంటే చూడలేదని చెప్పాలి, పొరబడితే తర్వాతి సర్వీసులోపు దిద్దుకోవాలి అని నల్లబల్ల మీద రాశాను. ఆ వ్యవధి దాటాక చెబితే స్కోరు మారదని కూడా రాశాను. చొక్కాకు జాతీయ ప్యానెల్ బ్యాడ్జి పెట్టుకునే రాశాను. రిటైరయ్యే దాకా దాన్ని తియ్యలేదు.