సున్నం కింద ప్లేటు

చంద్రపూర్ బస్టాండు వెనక సందులో ఏసీలు, కూలర్లు, గీజర్ల విడిభాగాలు అమ్మే దుకాణం ఒకటుంది. మార్చి దాటిందంటే దాని ముందు నిలబడే జాగా ఉండదు. ఒకరు కాలిపోయిన కూలర్ పంపును పాలిథిన్ సంచిలో వేసుకొస్తారు. ఇంకొకరు విరిగిన ఫ్యాన్ రెక్కను చంకలో పెట్టుకొస్తారు. కొందరైతే ఉత్త చేతులతో వచ్చి, "ఇంత పొడుగుంటది" అని గాలిలో కొలత చూపిస్తారు. వాళ్లందరికీ కౌంటర్ వెనక నిలబడి జవాబు చెప్పేది కోమల. ఫిజిక్స్‌లో బీఎస్సీ చేసింది. మరాఠీ వాళ్లకు తాయి, తెలుగు వాళ్లకు అక్క.

"మిషన్ మీద నంబరున్న కంపెనీ ప్లేటుంటది. దాని ఫోటో తీస్కరాండ్రి. అది లేంది ఆర్డర్ పెట్ట" అనేది ఆమె నోట అరిగిపోయిన మాట.

"తెల్లగుంటదక్కా, మా బామ్మర్ది ఇంట్ల గూడ గసొంటిదే" అని ఎవరైనా బతిమాలితే, "అయితే మీ బామ్మర్దినే తీస్కరా, ఆయన మీద ప్లేటుందేమో సూస్త" అని నవ్వించి మరీ వెనక్కి పంపేది.

అంత గట్టి మనిషి, తన ఇంటి ఏసీ దగ్గరకొచ్చేసరికి తడబడింది.

కోమల, ఆమె భర్త ప్రమోద్ అద్దెకుండేది మేడ మీద ఒంటి గదిలో. అతనికి బొగ్గు గనిలో షిఫ్టుల డ్యూటీ. కూతురు అనూషకు ఇంకా ఏడాది నిండలేదు. పిల్ల మెడ చుట్టూ చెమటకాయలు లేచినప్పుడల్లా కోమలకు ప్రాణం విలవిల్లాడేది. నిద్రలో పిల్ల ఊపిరి కాస్త వేగంగా తీసినా లేచి కూర్చునేది. అందుకే ఇద్దరూ కలిసి ఒక పాత ఏసీ కొన్నారు. లోపలి పెట్టె, బయటి పెట్టె రెండూ ఒకే పాత సామాన్లవాడి దగ్గర దొరికాయి, రెండూ తెల్లగానే ఉన్నాయి.

ఏప్రిల్‌లో ఊరంతా మిద్దెల మీద సున్నం వేసుకుంటుంది. వీళ్లూ వేశారు. బకెట్లో కొంత మిగిలింది. బయటి పెట్టె బొగ్గు దుమ్ముకు అప్పటికే మసిబారింది. తెలుపు ఎండను వెనక్కి తరిమేస్తుందని తను చదువుకున్న ముక్క గుర్తొచ్చి, కోమల దానికి కూడా అన్ని వైపులా మందంగా సున్నం కొట్టింది. ప్లేటు కూడా అందులో కలిసిపోయింది. దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయింది కూడా.

మే నెల ముదిరాక బయటి పెట్టెలో ఫ్యాన్ ఆగిపోయింది. ఇక లోపలి నుంచి వచ్చేది వేడిగాలే. పిల్లకు జ్వరం తగిలింది. కబురు విని విరూర్ నుంచి కోమల తల్లి బాలమ్మ వచ్చింది. గదిలో అడుగుపెట్టి, గోడ మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది.

"గిది ఇల్లా పొయ్యా? గీ సెగల పసిపిల్ల ఎట్లుంటదే?"

"మిషన్ ఖరాబైందవ్వా. మోటార్ తెప్పిస్త."

"తెప్పియ్యి. మంచిగైనంక అచ్చి తీస్కపో. అందాక నా తాన ఉంటది."

విరూర్‌లో బాలమ్మ పెంకుటింటి చల్లదనంలో పిల్ల రెండు రోజులకే తేరుకుంది. ఆ మాట విని కోమల స్థిమితపడాల్సింది. కానీ కౌంటర్ దగ్గర ఎవరి చంకలోనైనా పిల్ల ఏడిస్తే ఆమె చేతిలోని వస్తువు అక్కడే ఆగిపోయేది. సాయంత్రం వీడియో కాల్‌లో అనూష ఫోన్ అద్దాన్ని అరచేత్తో తట్టేది, తర్వాత మొహం తిప్పేసుకునేది. ఒకరోజు పిల్ల బాలమ్మ చెంప పట్టుకుని "అమ్మా" అంది. బాలమ్మ గాభరాగా ఫోన్ వైపు చూపించి, "గాడున్నది సూడే మీ అమ్మ" అంది. పిల్ల చూడలేదు.

మర్నాడు కోమల పెట్టె మీది సున్నాన్ని గీకింది. కింద ప్లేటు దొరికింది కానీ అక్షరాలు మిగల్లేదు. కాలిన మోటారు మీది కాగితమూ మాడిపోయింది. దుకాణంలో ఎవరైనా ఇలా వస్తే, ఇరుసు మందం కొలిపించి, రెక్కల వాలు చూసి, ఎటు తిరుగుతుందో తేల్చాకే ఆర్డర్ పెట్టేది. తన విషయంలో మాత్రం అంత ఓపిక లేకపోయింది. లోపలి పెట్టె మీద మోడల్ నంబర్ స్పష్టంగా ఉంది కదా అని ఆ నంబరే నాగపూర్ సరుకు వాళ్లకు పంపింది. తల్లికి ఫోన్ చేసి, "ఐతారం అస్తున్న, పిల్లను తయారు చెయ్యి" అని కూడా చెప్పేసింది.

శనివారం మోటారు వచ్చింది. దాన్ని బిగించడానికి బల్లార్‌పూర్ నుంచి మెకానిక్ సాలోమోను వచ్చాడు. ఇరుసు సరిపోయింది, బోల్టులు సరిపోయాయి. స్విచ్ వేశారు, ఫ్యాన్ తిరిగింది. కోమల ముఖం విప్పారింది. అలవాటు ప్రకారం సాలోమోను ఫ్యాన్‌కు అడ్డంగా ఉండే జాలీ ముందు కాగితం పట్టాడు. అది ముందుకు ఎగరాలి. కానీ వెనక్కి పోయి జాలీకి అతుక్కుంది.

"గిదేందక్కా, గాలి ఉల్టా గుంజుతుంది!"

కోమలకు అర్థమైంది. పాత సామాన్లవాడు ఒక కంపెనీ లోపలి పెట్టెకు ఇంకో కంపెనీ బయటి పెట్టె జోడించి అమ్మాడు. తెల్లటి రంగు చూసి తను జంటే అనుకుంది. లోపలి పెట్టె నంబరుకు వచ్చిన మోటారు ఈ ఫ్యాన్‌ను ఎదురు తిప్పుతోంది. వైర్లు మార్చి చూద్దామా అని సాలోమోను అడిగితే, ఈ మోటారుకు అది కుదరదంది.

"మా తమ్మున్ని ప్లేటు ఫోటో కోసం రెండుసార్లు తిప్పినవ్ యాదున్నదా?" అన్నాడతను, నవ్వాపుకుంటూ.

"యాదున్నది తియ్ అన్నా" అంది. ఆమె మాత్రం నవ్వలేదు. ఆ కాగితం ఇంకా జాలీని పట్టుకునే ఉంది.

ఆదివారం విరూర్ వెళ్లలేదు. పాత రెక్కను ముందు పెట్టుకుని, వాలు చూసి, ఇరుసు కొలిచి, కెపాసిటర్ మీది అంకె రాసుకుని, అన్నింటికీ ఫోటోలు తీసి పంపింది. సీజన్ కదా, సరుకు రావడానికి ఆలస్యమవుతుందన్నారు నాగపూర్ వాళ్లు. ఆ ఎదురుచూపులో ఆమె ఉతికి మడిచిన పిల్ల గౌన్లను మళ్లీ విప్పి మళ్లీ మడిచేది. దుకాణంలో "ఎప్పుడొస్తదక్కా?" అని అడిగేవాళ్ల మీద విసుక్కోవడం మానేసింది.

రెండో మోటారు బిగించిన రోజు కాగితం ఎగిరి మిద్దె దాటిపోయింది. కోమల వెంటనే బయల్దేరలేదు. పగలంతా తాగిన ఎండను గోడ ఎంతసేపు వదులుతుందో ఆమెకు తెలుసు. ఉయ్యాల వేలాడే చోట గోడకు అరచెయ్యి ఆనించి, అది చల్లబడేదాకా ఏసీ నడిపింది. తెల్లారి మొదటి బండికే విరూర్ వెళ్లింది.

అనూష తల్లిని చూసి, బాలమ్మ భుజంలో మొహం దాచుకుంది. చేతులు చాచినా రాలేదు. కోమల చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. బాలమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, సంచిలో రెండు చీరలు కుక్కుకుంది. "నాలుగొద్దులు నేను గూడ అస్త. అలవాటు గావాలె గదా."

ఆ మధ్యాహ్నం చంద్రపూర్ వీధుల్లో మనిషి జాడ లేదు. గదిలో మాత్రం బాలమ్మ మెడదాకా దుప్పటి కప్పుకుని, "ఏం సలి బిడ్డా! మాఘమాసం దెచ్చి పెట్టినవ్" అని గొణుగుతోంది. ఉయ్యాలకు అటు ఆమె, ఇటు కోమల పడుకున్నారు.

పిల్ల మెలకువ వచ్చి కదిలింది. కళ్లు నులుముకుని "అమ్మా" అని పిలిచింది.

ఇద్దరూ తలెత్తారు. ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నారు. బాలమ్మ దుప్పటిని నెత్తి మీదకు లాక్కుని, గోడ వైపు తిరిగి, గట్టిగా గురక పెట్టడం మొదలుపెట్టింది.