రిజిస్టర్‌లో లేని సభ్యురాలు

1961. నేను గ్రామసేవకుడిగా చేరి అప్పటికి నాలుగేళ్ళు. కొత్తచెరువు చుట్టుపక్కల పది ఊళ్ళు నా కింద ఉండేవి. ఆఫీసు కాగితాల్లో మమ్మల్ని వి.ఎల్.డబ్ల్యు. అని రాసేవారు. విత్తనాల దగ్గర్నుంచి మరుగుదొడ్ల దాకా సర్కారు చెప్పేదంతా సైకిలు మీద ఊరికి మోసుకుపోయేవాడని దానర్థం. ఊరూరా యువజన సంఘం పెట్టించడం కూడా మా పనే.

ఆ ఏడు మా బ్లాకు ఆఫీసు కొత్త కార్యక్రమం ఒకటి తెచ్చింది. సంఘాల్లో అందరికంటే బాగా పనిచేసిన యువ సభ్యుణ్ణి ఎంచి, సభలో సర్టిఫికెట్ ఇచ్చి, నెల రోజుల ఆరోగ్య శిక్షణకు పంపాలి. శిక్షణ ముగించినవాళ్ళకు ఆరోగ్య శాఖలో చిన్న ఉద్యోగం దొరికే వీలుంది. ఒక్కో గ్రామసేవకుడు ఒక్క పేరే పంపాలి. ఆ పేరు రాసే కాగితాన్ని నామినేషన్ ఫారం అనేవాళ్ళం.

నాకైతే ఆలోచించాల్సిన పనే లేదనిపించింది. ఎర్రవంకపల్లి సంఘం కార్యదర్శి వెంకటరెడ్డి ఉన్నాడు కదా! ఇరవై నాలుగేళ్ళవాడు, భూమున్న ఇంటి కొడుకు, మాట మీద నిలబడే మనిషి. అతను చేసిన పని బ్లాకంతా తెలుసు.

ఆ ఊరికి తాగునీటి బావి ఒకటే, మెట్లబావి. జనం మోకాలి లోతు నీళ్ళలోకి దిగి కడవలు ముంచుకునేవారు. ఎండాకాలం వస్తే ఊరు సగం నారికురుపుతో మంచం పట్టేది. కాలి మీద పుండు లేచి, అందులోంచి దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగాలి. తెగిందా, కాలు వాచిపోతుంది. పుండున్న కాలు నీళ్ళలో పెడితే పురుగు పిల్లలు నీళ్ళలో చేరతాయి. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు ఏడాది తర్వాత పురుగు బయటపడుతుంది. బొమ్మల అట్టలు పట్టుకుని ఇదంతా ఎన్నోసార్లు చెప్పాను. 'ఒంట్లో వేడి సామీ' అనేసి లేచిపోయేవారు.

అలాంటి ఊళ్ళో 1959లో వెంకటరెడ్డి కుర్రాళ్ళను కూడగట్టి, శ్రమదానంతో మెట్లు మూసేసి, చుట్టూ గోడ కట్టించి గిలక పెట్టించాడు. మరుసటి ఎండాకాలం పుండ్లు మళ్ళీ లేచాయి. అవి మూయకముందు తాగిన నీళ్ళ ఫలితమని నేనెంత చెప్పినా వినకుండా, పదిమంది గడ్డపారలతో బావి దగ్గరికి వచ్చారు. వెంకటరెడ్డి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఇంకొక్క ఎండాకాలం ఓర్చండప్పా. అప్పుడు గూడా పురుగొస్తే ఈ గోడ నేనే పగలగొడతా."

1961 ఎండాకాలంలో ఊళ్ళో ఒకే ఒక్క పుండు లేచింది. అది కూడా కిందటేడంతా మడకశిర వైపు గొర్రెలు మేపుకుంటూ గడిపి వచ్చిన పెద్దాయనకు.

అందుకే ఫారం పట్టుకుని నేరుగా వెంకటరెడ్డి దగ్గరికి వెళ్ళాను. బడి గదిలో కూర్చుని వరసగా రాసుకుంటూ పోతున్నాను. 'ఈ పని తలపెట్టడానికి కారణం' అనే గడి వచ్చింది.

"నా బొమ్మల అట్టలే కదా?" అన్నాను నవ్వుతూ.

అతను నవ్వలేదు.

"అట్టలు కాదు సార్. కరుణమ్మ."

"కరుణమ్మ ఎవరు?"

"కిరస్తానం పేట పిల్ల. మా చేనుకు కూలికొస్తాది. రెండేండ్ల కింద గొర్రు వెనక శనక్కాయ ఇత్తనం ఎయ్యనీకి మనుషులు దొరకల్యా. ఊళ్ళో ఆడోళ్ళంతా కాళ్ళకు గుడ్డలు కట్టుకోని పడుకున్యారు. పేటోళ్ళు మాత్రం అందరూ వచ్చినారు. అప్పుడు ఆయమ్మి అనింది... 'చిన్నరెడ్డీ, మీరు దిగే బావిలోకి మమ్మల్ని దిగనీరు గదా, రోగం గూడా ఆడనే ఆగిపోయినట్లుండాది' అని. పురుగు మా బావిలోనే ఉండాదని అప్పుడు తెలిసొచ్చింది. ఆ పొద్దు సాయంత్రమే సంఘాన్ని పిల్చినా."

కలం పక్కన పెట్టేశాను. పేటవాళ్ళను అంటరానివాళ్ళని బావి ముట్టనిచ్చేవారు కాదు కనుక వాళ్ళు మైలు దూరంలో వంక ఇసుకలో చెలమ తోడుకుని, ఊరిన నీళ్ళు ముంతతో కడవకు ఎత్తుకునేవారు. అక్కడ ఎవరూ నీళ్ళలో కాలు పెట్టేది లేదు, పైగా అవి ఇసుక వడకట్టిన నీళ్ళు. అందుకే వాళ్ళకు పురుగు లేదు. నాలుగేళ్ళుగా ఆ ఊరికి వస్తున్న నాకు, శిక్షణ పొందిన నాకు, అది తట్టలేదు.

"మరి సంఘం రిజిస్టర్‌లో ఆమె పేరు లేదే?"

"ఎట్లుంటాది సార్? ఆడపిల్లోళ్ళు లేరు, పేటోళ్ళు లేరు." ఫారం నా వైపు జరిపి అన్నాడు. "మాట ఆయమ్మిదే. రాళ్ళు మోసింది మాత్రం మేము. మీరే చూసి రాసుకోండి."

అందులో అబద్ధం లేదు. అలాగని రాసేయడానికి చెయ్యి రాలేదు. పేటకు వెళ్ళాను.

కరుణమ్మకు పంతొమ్మిదేళ్ళు. మిషన్ హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి దాకా చదివిందట. ఫారం సంగతి, ఆమె పేరు పంపాలన్న నా ఆలోచన నిలబడే విన్నది.

"నా పేరు రాయండి సార్, వద్దనను. శిక్షణకు గూడా పోతా," అంది తడుముకోకుండా. "కానీ ఒకటి అడుగుతా. ఆ బావి బాగుపడి రెండేండ్లాయె. మేమింకా వంకకే పోతాండాం. నాలుగు కడవలకు సగం పొద్దు పోతాది. నాకు సర్టిఫికెట్ ఇచ్చి మా యమ్మను వంకకు పంపిస్తారా?"

తిరిగి వచ్చి వెంకటరెడ్డికి ఆ మాట యథాతథంగా చెప్పాను. అతను మర్నాడు ఉదయమే సంఘం సమావేశం పెట్టించాడు. అతని తండ్రి ఓబిరెడ్డి కూడా వచ్చి కూర్చున్నాడు.

"వాళ్ళ చెయ్యి తాడు మీద పడితే ఆ నీళ్ళు నేను ముట్టను," అన్నాడాయన.

"నాయనా, నీ కాల్లో పురుగును రెండు ఎండాకాలాలు పుల్లకు చుట్టింది నేను. పురుగు నీళ్ళు తాగినావు. ఈ నీళ్ళు తాగలేవా?"

ఓబిరెడ్డి తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు. ఆయన వెంట ముగ్గురు సభ్యులూ వెళ్ళారు. ఆ రోజు వచ్చిన సభ్యుల్లో మిగిలిన పదకొండు మందీ వెంకటరెడ్డి తీర్మానానికి చేతులెత్తారు. కరుణమ్మను సంఘంలో చేర్చుకోవాలి, ఆమె పేరే పంపాలి.

బావి సంగతి అంత తేలిగ్గా తెగలేదు. నాలుగు రోజులు వాదులాడి చివరికి పేటవాళ్ళ కోసం పడమటి వైపు రెండో గిలక పెట్టడానికి పెద్దలు ఒప్పుకున్నారు. బావి ఒకటే, తాళ్ళు రెండు. నాకది సిగ్గుగా తోచింది. కరుణమ్మతో అదే అన్నాను.

"కానీండి సార్. ముందు కడవ నిండనీండి. మిగిలింది ఆడ నిలబడి అడుగుతాం," అంది.

బ్లాకు ఆఫీసులో బి.డి.ఓ. గారు ఫారం తిప్పి తిప్పి చూశారు.

"ఈ అమ్మాయి సభ్యురాలై వారం కూడా కాలేదేమయ్యా?"

"సభ్యత్వం వారం లోపలిదే సార్. పని రెండేళ్ళ కిందటిది," అన్నాను. జరిగిందంతా చెప్పాను. ఆయన ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టారు.

సభ రోజున కరుణమ్మ ఇస్త్రీ చేసిన తెల్లచీరలో వేదిక ఎక్కింది. రెండు మాటలు మాట్లాడమంటే, "మా ఊళ్ళో రాళ్ళు మోసినోళ్ళు పద్దెనిమిది మంది. వాళ్ళ పేర్లు చదువుతా," అని కాగితం తీసి అందరి పేర్లూ చదివింది. లేచిపోయిన ముగ్గురి పేర్లు కూడా అందులో ఉన్నాయి. మొదటి పేరు వెంకటరెడ్డిది. నా పక్కన నిలబడిన అతను చప్పట్లు కొడుతూ మెల్లగా అన్నాడు.

"నాకు మనసులో కష్టం లేదంటే అబద్ధమే సార్. కానీ ఇదే సరి."

శిక్షణ తర్వాత ఆమెకు ఆరోగ్య శాఖలో పని దొరికింది. మెట్లబావులున్న ఊళ్ళకు ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళేవాణ్ణి. నా బొమ్మల అట్టలు చూసి లేచిపోయేవాళ్ళు ఆమె ప్రశ్నలకు మాత్రం కూర్చుని జవాబు చెప్పేవారు. ఎవరింట్లో పుండు ఉంది, ఎవరింట్లో లేదు, ఎవరు ఏ నీళ్ళు తాగుతున్నారు... అంతే అడిగేది.

పని నడిపించినవాడు అందరికీ కనబడతాడు, అతనికి దక్కాల్సిన గౌరవం దక్కాలి కూడా. కానీ విషయాన్ని ముందుగా పసిగట్టిన మనిషి ఎవరో అడిగితే తప్ప తెలియదు. ఎవరిని అడగాలో నాకు నేర్పింది ఎర్రవంకపల్లి. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏ ఊరికి నామినేషన్‌కు వెళ్ళినా, ఫారం సంచిలోనే ఉంచి, రిజిస్టర్‌లో పేర్లు లేని వీధుల్లో ముందు తిరిగి వచ్చేవాణ్ణి. కలం తీసింది ఆ తర్వాతే.