నలుగురి కంప్యూటర్

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే అప్పుడే తీసిన జిరాక్స్ కాగితాల వాసన వెచ్చగా తగిలింది. ఇరవై ఏళ్ళ కిందట నఫీసా మేడం ఆఫీసు అలాంటి జిరాక్స్ షాపు మీదే ఉండేది. ఇప్పటికీ ఆ వాసన వస్తే నాకు ఆ ఆఫీసు మెట్లే గుర్తొస్తాయి.

మేడం నా మొదటి బాస్. సందు సందుకూ సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లు వెలసిన రోజుల్లో, నలుగురిని పెట్టుకుని వెబ్‌సైట్లు చేయించేవారు. తెనాలి నుంచి వచ్చిన నన్ను ఇంటర్వ్యూలో కోడు గురించి అడగలేదు. ఒక పేజీ చూపించి, "గిది మీ అమ్మ చదివితే ఎక్కడ ఆగిపోతది?" అన్నారు. చెప్పాను, ఉద్యోగం ఇచ్చారు. ఆవిడ మెప్పు కోసం నేను ఎంత పనికైనా సిద్ధంగా ఉండేదాన్ని.

పంజాగుట్టలో ఒక చర్మవైద్యుడి క్లినిక్‌కి సైటు చేస్తున్నప్పుడు, అందరికీ ఒకటే పేజీ ఎందుకు, ఎవరికి కావలసింది వాళ్ళకు చూపిద్దామని మేడంకి నచ్చజెప్పింది నేనే. కిందటిసారి ఏం చదివారో సైటు గుర్తుపెట్టుకుంటుంది. మళ్ళీ తెరవగానే ఆ విషయమే పైన పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. అపాయింట్‌మెంట్లు పెరిగాయి, డాక్టరుగారు మిఠాయి పంపారు. నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

రెండో నెలలో ఒక మధ్యాహ్నం, ఓ అమ్మాయి సూట్‌కేసుతో మెట్లెక్కి వచ్చింది. మండే ఎండల్లో కూడా పొడుగు చేతుల చుడీదార్. సైటు అడుగున మా అడ్రసు చూసి వచ్చానంది.

"నేను బొల్లి గురించి చదివానని మా రూమ్ వాళ్ళకి ఎవరు చెప్పారండీ?"

వాళ్ళ హాస్టల్ గదిలో నలుగురికీ ఒకటే కంప్యూటర్. ఇంకో అమ్మాయి మొటిమల కోసం అదే సైటు తెరిస్తే, బొల్లి చికిత్స గురించి ఇంకా తెలుసుకుంటారా అని నేను రాసిన వాక్యమే ఎదురొచ్చింది. నలుగురిలో ఎప్పుడూ పొడుగు చేతులు వేసుకునేది ఈమె ఒక్కతే. అంటుకునేది కాదని ఎంత చెప్పినా వినలేదట. కంచం వేరు పెట్టారు, మంచాలు దూరం జరిపారు. కోర్సు ఇంకో నెల ఉండగానే ఊరెళ్ళిపోతోంది. ఇదంతా ఆమె ఏడవకుండా చెప్పింది.

అయినా సిగ్గులేకుండా, మీరు చదువుతుంటే పక్కనుంచి ఎవరో చూసి ఉంటారని అనబోయాను. మేడం నా వైపు తిరిగారు.

"నువ్వే చెప్పు."

నేనే చేశానని చెప్పాను. హాస్టల్‌కి వచ్చి తప్పు సైటుదని చెప్తానన్నాను. వద్దండీ, మిగతా గదులకు కూడా తెలిసిపోతుంది అని ఆమె సూట్‌కేసు ఎత్తుకుని దిగిపోయింది.

మేడం అప్పటికప్పుడు డాక్టరుకి ఫోన్ చేసి అది తీసేస్తున్నామన్నారు. ఆయన ఒప్పుకోలేదు, ఈవిడ వినలేదు. క్లినిక్ పని మా చేతిలోంచి పోయింది. నన్ను తిడితే బాగుండుననిపించింది.

"నువ్వు మనిషిని చూసి రాసిన అనుకున్నవ్. కాదు, కుర్చీని చూసి రాసినవ్. అండ్ల ఎవరు కూసుంటే వాళ్ళకు చెప్తది," అన్నారు. "ఆ పిల్ల పేరేంది?" అని అడిగారు.

నేను అడగనే లేదు. కిందికి పరుగెత్తాను. షేర్ ఆటోల గుంపులో ఆమె ఎక్కడా కనిపించలేదు.

ఇప్పుడు నేనే ఒక జట్టును నడిపిస్తున్నాను. ఎవరైనా ఇలాంటి పని సంబరంగా చూపిస్తే, ఆ కుర్చీలో ఇంకెవరు కూర్చుంటారని అడుగుతాను. విసుక్కుంటారు, విసుక్కోనీ. ఆమె దాచుకున్నదాన్ని గదంతటికీ చాటింది నేను. ఆమెను ఏమని పిలవాలో మాత్రం నాకు ఈనాటికీ తెలియదు.