చివరి బండికిచ్చే జెండా

ఏప్రిల్‌లో ఒక సోమవారం, ఉదయం ఆరూ పదికి మా ట్రక్కు ఆర్కన్సా కొండల్లో ఆగింది. పొగమంచు. పది అడుగుల అవతల ఏమీ కనపడదు. వరదకు ఏటి ఒడ్డు కోసుకుపోయి రోడ్డులో సగం నీళ్లపాలైంది. మిగిలిన సగం మీద కాసేపు ఇటు బండ్లు, కాసేపు అటు బండ్లు వదులుతూ మా ఆర్మీ ఇంజనీర్ దళం మూడు వారాల్లో రోడ్డు నిలబెట్టాలి. అదీ మాకిచ్చిన డ్యూటీ.

న్యూజెర్సీలో, పార్సిప్పనీలోని మా అపార్ట్‌మెంట్ అంకుల్‌లు అడుగుతుంటారు, "ఆర్మీలో చేశావటగా, ఏ యుద్ధమయ్యా?" అని. రోడ్డు మీద కోన్లు పేర్చాను అంకుల్ అంటే ఒకటే నవ్వు. నవ్వండి, నాకేం! తుపాకీ పట్టినప్పుడు పట్టని చెమట ఆ స్టాప్ బోర్డు పట్టుకున్నప్పుడు పట్టింది.

ముందు రెండు రోజులు ట్రైనింగ్. ముప్ఫై ఏళ్లు రోడ్ల మీద నిలబడ్డ ఒక పెద్దావిడ నేర్పింది. సైనికులమని మమ్మల్నేం ఖాతరు చేయలేదు. "బండ్లకి వీపు చూపించొద్దు. తప్పుకునే చోటు చూసుకున్నాకే నిలబడండి. కళ్లారా చూడనిది నమ్మొద్దు," అంది. నారింజ రంగు జాకెట్, హెల్మెట్, పొడుగు కర్రకు ఒక బోర్డు. బోర్డుకు ఒకవైపు స్టాప్, ఇంకోవైపు స్లో. అవే మా ఆయుధాలు.

మధ్యలో కొండ మలుపు అడ్డం. వాకీటాకీ సరిగ్గా పలకదు. అందుకని పాత పద్ధతి పెట్టుకున్నాం. అవతలి కొసన మా రోలర్ డ్రైవర్ కొన్ని బండ్లు వదిలి, చివరి బండికి ఎర్రజెండా ఇస్తాడు. అది నా చేతికొస్తే దారి ఖాళీ అని. అప్పుడు నా వైపు బండ్లు వదిలి, చివరి దానికి అదే జెండా ఇచ్చి పంపుతాను.

ఆ పొద్దులు తలచుకుంటే నిజంగా జరిగాయా అనిపిస్తుంది. కోన్లు మంచులో తేలుతున్నట్టుండేవి. ఏరు కనపడేది కాదు, చప్పుడే. చెట్టు కనపడకుండా తెల్లపూలు మాత్రం గాల్లో నిలిచి ఉండేవి. మంచులోంచి ఒక కారు వచ్చేది, కిటికీలోంచి ఎవరిదో చెయ్యి జెండా అందించి వెళ్లిపోయేది. గంటల తరబడి అంతే.

పన్నెండో రోజు, ఏడూ నలభై. నా బోర్డు ముందు స్కూల్ బస్సు ఆగి ఉంది. పిల్లలు మసకబారిన అద్దాల మీద వేళ్లతో బొమ్మలు గీస్తున్నారు. అవతలి నుంచి ఆరు బండ్లు వచ్చాయి. ఆరోది తెలుగువాళ్ల కారు. కూతురు డ్రైవ్ చేస్తోంది. పక్కన స్వెటర్, మఫ్లర్‌తో తండ్రి. ఒళ్లో జెండా.

ఆయన నా జాకెట్ మీద పేరు చదివాడు. "తెలుగువాడివా బాబూ!"

"అవునండీ. జెండా ఇవ్వండి."

"ఇవ్వను."

కూతురు తల పట్టుకుంది. "నాన్నా, ప్లీజ్! సారీ అండీ, బెంటన్‌విల్‌లో మా ఇంటికొచ్చి టెన్ డేస్ అయింది. స్టేషన్ మాస్టర్‌గా రిటైర్ అయ్యారు. అన్నిటికీ ఇంతే."

"నువ్వుండమ్మా. బాబూ, చివరి బండి మాది కాదు. మలుపు దగ్గర ఇల్లుందే, అక్కడ ఇంజన్ స్టార్టయిన చప్పుడు విన్నాను. సింగిల్ లైన్ మీద చివరి పెట్టె కళ్లతో చూడకుండా ఎదురు రైలుకు లైన్ క్లియర్ ఇస్తారటయ్యా ఎక్కడన్నా?"

నాకు తిక్క రేగింది. ఆ ఇల్లు వరదకు ఖాళీ అయింది. మొదటి రోజు మ్యాపు మీద 'ఎవరూ లేరు' అని రాసింది నేనే. దూరం నుంచి చూసి రాశాను. వెళ్లి తలుపు తట్టలేదు.

వాకీటాకీ నొక్కాను. గరగర మధ్య రోలర్ డ్రైవర్ గొంతు. "ఆరు బండ్లు... జెండా ఇచ్చేశా..."

"విన్నారుగా అంకుల్? అక్కడ ఎవరూ లేరు. ఇది రైలు కాదు, రోడ్డు. పిల్లలకి స్కూల్ టైమవుతోంది."

"లేటైతే టీచర్ కేకలేస్తుంది, అంతేగా. రెండు నిమిషాలుండు."

కిటికీలోకి చెయ్యి పెట్టి జెండా కర్ర పట్టుకున్నాను. ఆయన రెండు చేతులా పట్టుకున్నాడు. లాగాను. వదల్లేదు. వెనక బస్సు డ్రైవర్ హారన్ కొట్టాడు.

అప్పుడొచ్చింది. లైట్లు వెయ్యని పికప్ ట్రక్కు, మంచులోంచి రివ్వుమని దూసుకొచ్చి మమ్మల్ని దాటి కీచుమని ఆగింది. నడిపే ముసలావిడ బిత్తరపోయి చూసింది. ముందురోజు సాయంత్రమే ఆ మలుపు దగ్గరి తన ఇల్లు శుభ్రం చేసుకుందామని తిరిగొచ్చిందట.

ఒక పక్క కొండ, ఒక పక్క ఏరు. నేను అప్పుడే వదిలి ఉంటే బస్సు ఎటు తప్పుకునేది? పెద్దాయన వెనక్కి తిరిగి ఖాళీ రోడ్డును కాసేపు చూసి, జెండా నా చేతిలో పెట్టాడు. "ఆఁ, ఇప్పుడు పంపించు బాబూ." తిట్టినా బాగుండేది. సిగ్గుతో ఆయన మొహం చూడలేకపోయాను.

ఆ మధ్యాహ్నమే ఆ దారిలో ఉన్న ఇళ్లన్నిటి తలుపులూ తట్టి వచ్చాను. మూడు వారాలకు రోడ్డు పూర్తి చేసి ఇంటికి తిరిగొచ్చాను. ఇప్పుడు శనివారాలు రోడ్డు పనిలో కొత్తగా చేరినవాళ్లకి నేనే ఈ పని నేర్పుతున్నాను.

ఆ మంచు, ఆ పూలు, ఏటి చప్పుడు నెమ్మదిగా నన్ను వదిలిపోతున్నాయి. ఒక్కటి మాత్రం పోదు. కారు కిటికీలో జెండా కర్ర, దాన్ని వదలని రెండు ముసలి చేతులు, ఇవతలి కొసన బలమంతా పెట్టి లాగుతున్న నా చెయ్యి.