నేరం లేని మండలం, నేరం రాసిన ఎస్సై

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది ఎండాకాలంలో నన్ను జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నేర గణాంకాలను ఒకచోట చేర్చే పనిలో వేశారు. హోదా స్టాటిస్టికల్ అసిస్టెంట్. పోలీసు శాఖలో ఇలాంటి జాతి ఒకటుందని జనానికి తెలియదు; చాలామంది పోలీసులకూ తెలియదు. టోపీ లేదు, లాఠీ లేదు, ఎదురొచ్చి సెల్యూట్ కొట్టేవాడు లేడు. జనగామలో మాకిచ్చిన గదిలో నా కుర్చీకి నాలుగు కాళ్లలో మూడు ప్రభుత్వానివి, నాలుగోది ఇటుక. ఫ్యాన్ వేస్తే కాగితాలు ఎగిరిపోయేవి, ఆపితే మనిషి కరిగిపోయేవాడు. దేశంలో నేరం ఎటు పోతోందో తేల్చే మహాయంత్రం ఆ గదిలోనే మొదలయ్యేది.

పని చెప్పడానికి తేలిక. ప్రతి నెలాఖరుకు ప్రతి ఠాణా నుంచి ఒక నివేదిక వస్తుంది: ఎన్ని దొంగతనాలు, ఎన్ని కొట్లాటలు, ఎన్ని మోసాలు. అందులో లెక్కకొచ్చేది ఎఫ్ఐఆర్ అయినది మాత్రమే. ఫిర్యాదును రిజిస్టర్లో ఎక్కించి, నంబరు వేసి, నకలు ఒకటి ఫిర్యాదుదారు చేతికిస్తే అది ఎఫ్ఐఆర్. నంబరు పడనంతవరకు మనిషి తల పగిలినా గణాంకం దృష్టిలో ఆ తల క్షేమమే. ఒకే కేసులో ఇల్లు దోచి, మనిషిని కొట్టి, చంపి పోయినా అన్నింటికంటే పెద్ద నేరమొక్కటే లెక్కలోకి వస్తుంది. వచ్చిన మొత్తాన్ని జనాభాతో భాగించి, లక్ష మందికి ఇన్ని అని తేలిస్తే అది నేరాల రేటు. మా అంకెలు రాజధానికి, అక్కడినుంచి ఢిల్లీకి పోయి, దేశం మొత్తానికి ఒక లావుపాటి పుస్తకమవుతాయి. అది రాగానే ఏ రాష్ట్రం చెడ్డదో, ఏ రాష్ట్రం మంచిదో టీవీల్లో సాయంత్రానికల్లా తేల్చేస్తారు.

భాగించే దగ్గరే మొదటి తిరకాసు. జనాభా లెక్కలు తీసిన నాటికి మా జిల్లాలు పుట్టనే లేదు. మండలాల జనాభాను ఒక్కొక్కటే ఏరుకొచ్చి, అతుకులేసి మూడు జిల్లాలు కుట్టాను. చెల్పూర్‌లో కరెంటు ప్లాంటు ఉంది, మహదేవపూర్ వైపు ప్రాజెక్టు పనులు సాగుతున్నాయి. పనికొచ్చినవాళ్లు ఎక్కడెక్కడి రాష్ట్రాల వాళ్లో. వాళ్ల ఫోన్లు పోయినా, వాళ్లలో వాళ్లు తన్నుకున్నా ఆ కేసులు పై అంకెలో చేరతాయి. మనుషులు మాత్రం కింది అంకెలో, అంటే జనాభాలో, ఉండరు. వాళ్ల పేర్లు సొంతూళ్ల లెక్కల్లోనే ఉంటాయి. ఆ విధంగా, కోడిని అదిలించడానికి కూడా భార్యను కేకేసే మహదేవపూర్ వరి రైతు నా పట్టికలో మూడు జిల్లాలకూ పేరుమోసిన రౌడీగా తేలాడు.

ఆ పట్టికకు రంగులు వేయాలన్న ఆలోచన నాదే. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. స్వచ్ఛంద పదవీ విరమణ కాగితాలు పాసయ్యాయి గనుక చెబుతున్నాను. కేసులు పెరిగితే ఎరుపు, తగ్గితే ఆకుపచ్చ. మా పై అధికారికి అంకెలు చదివే తీరిక ఉండేది కాదు, రంగును మాత్రం గుమ్మంలోనుంచే పట్టేవారు. ఆ నెల మహబూబాబాద్ జిల్లాలో ఒక ఠాణా గడి నిప్పుకణికలా మండింది. దొంగతనాలు నిరుటికి ఎన్నో రెట్లు. ఠాణా పేరు చెప్పను. మిర్చి చేలు, చుట్టూ లంబాడీ తండాలు, అంతవరకు చాలు. అక్కడి ఎస్సై మంజుల కూడా తండాలో పుట్టిన మనిషే, ఆ తండా నుంచి ఖాకీ తొడిగిన మొదటి మనిషి. వచ్చి ఆరు నెలలు. నేరాల అదుపులో విఫలమైనందుకు మిమ్మల్ని వీఆర్‌కు ఎందుకు పంపరాదో వివరణ ఇవ్వాలని ఆమెకు మెమో వెళ్లింది. వీఆర్ అంటే వేకెన్సీ రిజర్వ్. జీతం ఉంటుంది, ఠాణా ఉండదు. చక్కగా ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుని పెద్ద ఆఫీసు వరండాలో బెంచీకి కాపలా కాయాలి. మెమో మీద సంతకం అధికారిది, భాష నాది. కామాల మధ్య కూడా కోపం కనబడేటట్టు రాశానని అప్పట్లో మురిసిపోయాను.

ఆమె సంగతి నెలవారీ క్రైమ్ మీటింగ్‌లో తేలుస్తామన్నారు. ఆ లోపల అన్నింటికంటే ఎర్రగా ఉన్న ఠాణా, అన్నింటికంటే పచ్చగా ఉన్న ఠాణా రెండూ చూసి రమ్మని నన్ను తోలారు.

ముందు పచ్చదానికి పోయాను. అది భూపాలపల్లి జిల్లాలో అడవి అంచున ఉంటుంది. చివరి మజిలీ ఆటోలో పద్నాలుగు మందిమి, ఒక మేక; గాలి తగిలే చోటు మేకకే దక్కింది. ఠాణాలో రాసే పని రైటర్ కొమురయ్యది. రైటర్ అంటే కాగితాలన్నీ చూసే హెడ్ కానిస్టేబుల్. ఎస్సైలు మారుతుంటారు, రైటర్లు మారరు. వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, రిజిస్టర్లకు అట్టలేసి, పెళ్లివారిని పిలిచినట్టు పిలిచాడు. దొంగతనాల రిజిస్టరు తెరిస్తే కొత్త కాగితం వాసన వచ్చింది. ఏడాది పొడుగునా ఒక్క దొంగతనం లేదు.

"మా మండలంల నేరముండది సార్. మంది మంచోళ్లు" అన్నాడు.

ఫిర్యాదులే రావా అని అడిగాను.

"పిటిషన్లు వస్తయి. నేరాలు రావు."

గోడకు ఒక ఇనుప కమ్మి వేలాడుతోంది, దానికి గుచ్చిన తెల్లకాగితాలు నడుమెత్తున పేరుకున్నాయి. అడుగువి పసుపు రంగుకు తిరిగాయి. పైదొకటి లాగి చదివాను: బావి దగ్గర మోటారు కనిపిస్తలేదు, దొరికితే ఇప్పించగలరు. మోటారు ఎట్లా కనిపించకుండా పోతుందని అడిగితే కొమురయ్య ఏమాత్రం తడబడలేదు.

"ఎక్కడన్న పెట్టి మర్చిపోయిండేమో సార్. ముసలోడు."

ఇద్దరు మోస్తే గాని కదలని మోటారును మర్చిపోగల ముసలాయన జ్ఞాపకశక్తి మీద నాకు గౌరవం కలిగింది. కొమురయ్య తన పద్ధతి దాచుకోలేదు, గర్వంగానే వివరించాడు. "ఎవలన్నొస్తే కూసోబెడ్తం, చాయ తాపుతం, రేపు రమ్మంటం. రేపొస్తే ఎల్లుండి రమ్మంటం. నాలుగొద్దులకు మనిషి సల్లవడ్తడు. ఊకెనే కేసు రాసుడెందుకు, కోర్టుల సుట్టు తిప్పుడెందుకు? పాపం గాదా?" అతను దుర్మార్గుడు కాదు. చాయ నిజంగానే బాగుంది. జనాన్ని కోర్టు నుంచి, ఎస్సైని మెమో నుంచి, మండలాన్ని చెడ్డపేరు నుంచి ఒక్క చేతి మీద కాపాడుతున్నానని అతని నమ్మకం.

రెండు రోజుల తర్వాత మంజుల ఠాణాకు పోయాను. అక్కడ గోడకు కమ్మి లేదు, బల్ల మీద రిజిస్టరు ఉంది, దాని అంచులు చేతులు తగిలి తగిలి నల్లబడ్డాయి. విషయం అయిదు నిమిషాల్లో తేలింది. కాలువ వెంబడి పన్నెండు మంది రైతుల మోటార్లను ఒక ముఠా విప్పి, లోపలి రాగి తీగ పట్టుకుపోయింది. అదే ముఠా అంతకు నెల ముందు జనగామ జిల్లాలో పత్తి చేల మధ్య ఇంకా ఎక్కువ మోటార్లు విప్పింది. అక్కడి ఠాణాలో అన్నింటికీ కలిపి ఒక్క ఎఫ్ఐఆర్ వేశారు. మా పట్టికలో జనగామకు ఒకటి, ఈమెకు పన్నెండు. ఒకటే వేస్తే సరిపోయేది కదమ్మా, మెమో తప్పేది కదా అన్నాను.

"బాయిలు వేరు, బాధితులు వేరు. ఎవల మోటారు వాళ్లదే గద సార్" అంది మంజుల. "పన్నెండు మంది ఏడ్సిన్రు. ఒక్కనిది రాస్తే, కడమ పదకొండు మంది ఊకెనే ఏడ్సినట్టా?"

రాసుకోవడానికి పెన్ను తీసి, క్యాప్ మళ్లీ పెట్టేశాను.

బయట బెంచీ మీద మంగ్లి అనే ముసలామె కూర్చుని ఉంది. పన్నెండు మందిలో ఆమె ఒకతె. మంజుల ఆమెను, "యాడీ, నీ కాయితం సారుకు సూపెట్టు" అని పిలిచింది. యాడీ అంటే వాళ్ల భాషలో అమ్మ. మంగ్లి ప్లాస్టిక్ కవర్లోంచి ఎఫ్ఐఆర్ నకలు తీసి చూపించింది గానీ చేతికివ్వలేదు.

"గట్లనే సూడు. ఇయ్య. గిది నాది."

అంతకుముందు పోయిన వస్తువుల గురించి పెద్దమనుషుల దగ్గరికి పోతే ఊకోమనేవాళ్లట, ఊకునేదట. ఠాణా మెట్లెక్కడం ఇదే మొదలు. రాగి కొన్న పాత ఇనుము వ్యాపారిని మంజుల పట్టుకుంది, దొంగలు దొరికారు, ఇక కోర్టులో చార్జిషీటు వేయాలి. అది వేసేదాకా ఎస్సై ఉంటుందా అన్నదే మిగిలిన ప్రశ్న. మెమో సంగతి తండా దాకా పోయినట్టుంది.

"ఈ బిడ్డను వేరేకాడికి పంపుతరంట. కొత్తసారొస్తె నా కాయితం నడుస్తదా?" అని మంగ్లి నన్ను అడిగింది.

అది ప్రభుత్వ కాగితమనీ, ఎవరొచ్చినా నడుస్తుందనీ చెప్పాను. కమ్మికి గుచ్చిన కట్టను చూసి రెండు రోజులే అయింది కాబట్టి నా మాట నాకే వినబుద్ధి కాలేదు. వచ్చేటప్పుడు మంజుల గేటు దాకా వచ్చి, మెమోకు వివరణలో ఏం రాయమంటారని అడిగింది. చూసింది చూసినట్టు నేనే మీటింగ్‌లో చెబుతానన్నాను. మెమో భాష ఎవరిదో మాత్రం చెప్పలేదు.

మీటింగ్‌లో నాలాంటివాడు నోరు తెరవకూడదు. అంకె అడిగితే అంకె చెప్పాలి, అంతే. ఆ రోజు ఎరుపు గడి మీద అధికారి వేలు పడగానే నేను లేచి నిలబడ్డాను. ఇటుక లేని కుర్చీలోంచి లేవడం అలవాటు లేక కొంచెం తూలాను కూడా. ఒకే ముఠా, ఒకే పద్ధతి, జనగామలో ఒకటి, మహబూబాబాద్‌లో పన్నెండు, అడవి అంచున సున్నా అని చెప్పాను. ఎరుపంటే అక్కడ నేరం ఎక్కువని కాదని, రాసేవాళ్లున్నారని చెప్పాను. కమ్మి ఎత్తు చేత్తో చూపించాను. నిజం చెప్పాలంటే చెయ్యి కాస్త పైకే పోయింది. మంజుల వెనక వరుసలో కూర్చుని ముందున్న కుర్చీ వీపు వైపే చూస్తోంది.

అధికారి నేను చెప్పిందే నాకంటే చక్కగా, ఇంగ్లీషులో, తన మాటగా అందరికీ వివరించారు. మెమో అక్కడికక్కడే రద్దయింది. ఎస్సైలు, సీఐలు బల్లలు చరిచారు. మంజుల మొదటిసారి తల ఎత్తింది. అప్పుడు అధికారి, ఇంత బాగా రాసే అధికారిణి అవసరం రాయనిచోటే ఎక్కువ ఉంటుంది గదా అన్నారు. తర్కంలో ఎక్కడా తప్పు లేదు. సాయంత్రానికి బదిలీ ఉత్తర్వు టైపయింది. మంజుల అడవి అంచు ఠాణాకు, అక్కడి ఎస్సై ఆమె స్థానానికి. వీఆర్ నుంచి తప్పించబోయి నేనామెను కొమురయ్యకు అప్పగించాను.

బదిలీ అయినవాళ్లకు కొత్తచోట చేరడానికి కొన్ని రోజుల గడువుంటుంది. ఎక్కువమంది ఆ రోజుల్లో సామాన్లు సర్దుకుంటారు, మొక్కులు తీర్చుకుంటారు. మంజుల తనను రిలీవ్ చేసే కాగితం మీద సంతకం పెట్టకముందే పన్నెండు కేసుల చార్జిషీట్లు పూర్తిచేసి కోర్టులో వేసింది. చేరే గడువు మొదలయ్యాక, ఒక్కొక్క సాక్షి ఇంటికీ పోయి, పిలుపొస్తే తప్పకుండా పోవాలని చెప్పి వచ్చింది. ఆ తర్వాత మంగ్లికి కోర్టు నుంచి పిలుపు వచ్చిందనీ, కవరుతో సహా పోయిందనీ, జడ్జిగారడిగినా కాగితం చేతికివ్వడానికి ఒప్పుకోలేదనీ విన్నాను. మొదటి రెండూ నిజమని నాకు తెలుసు.

ఆ తర్వాతి మూడు నెలల పట్టిక వేసింది నేనే. మంజుల పాత ఠాణాలో దొంగతనాలు దాదాపు మాయమయ్యాయి, అక్కడి కొత్త ఎస్సైకి అభినందన పత్రం రాయమని నాకే పురమాయించారు. అడవి అంచు ఠాణా నేరాల సంఖ్యలో మూడు జిల్లాల్లోనూ మొదటి స్థానానికి ఎక్కింది. దానికి వివరణ కోరుతూ మెమో రాయాల్సిందీ నేనే. అప్పటికి పై అధికారి మారారు. కొత్తాయనకు పాత మీటింగ్ సంగతి తెలియదు. చెప్పబోతే అంకె చెప్పమన్నారు. మెమో అందిన రోజు మంజుల ఫోన్ చేసింది.

"సార్, గీ భాష మీదే గద?"

నాదేనని ఒప్పుకున్నాను. "ఈసారి కామాలు తక్కువున్నయి" అని, కొమురయ్య కమ్మి మీది కాగితాలకు నంబర్లు వేయడం సగం అయిందని, మిగతా సగం కూడా ఆ నెలలోనే అవుతుందని, పట్టికలో చోటు చూసుకొమ్మని చెప్పి పెట్టేసింది. అలాగే చేసింది. ఆమెకు ఆ తర్వాత వీఆర్ తప్పలేదు. కమ్మి ఖాళీ అయిందని మాత్రం కొమురయ్యే నాకు చెప్పాడు, కొంచెం దిగులుగా.

ఆ తర్వాత పట్టికలో ఠాణా పేరు పక్కన, ఆ నెల ఎన్ని పిటిషన్లు వచ్చాయి, అందులో ఎన్నింటికి నంబరు పడింది అని ఒక గడి చేర్చి పంపాను. నమూనాలో లేని గడి అని కొట్టేసి తిప్పి పంపారు. మళ్లీ చేర్చాను, మళ్లీ కొట్టేశారు. నేను ఉద్యోగం మానేసేదాకా ఆ ఉత్తర ప్రత్యుత్తరాలు సాగాయి.

ఆ ఉద్యోగంలో నాకు తెలిసింది ఇంతే. నేరాల సంఖ్య, జరిగిన నేరాన్నీ రాసినవాళ్ల ఓపికనూ కలిపి కొలుస్తుంది. రెంటినీ విడదీసే గడి పట్టికలో ఉండదు. అందుకని రెండు జిల్లాలనో రెండు రాష్ట్రాలనో పోల్చే ముందు, ఫిర్యాదు పట్టుకొచ్చిన మనిషికి అక్కడ ఏం జరుగుతుందో చూసి రావాలి. చూసి రాలేనివాళ్లు పోల్చడం మానుకోవాలి.