సైమి ఇంటి కప్పు మీద మంచు

పనికి వెళ్ళిన ఏ ఇంట్లోనూ ఔలిస్ ముందుగా తలుపు తట్టేవాడు కాదు. రోడ్డు మీదే నిలబడి కప్పు చూసేవాడు. మంచు చెక్కుచెదరకుండా ఉంటే, "వీళ్ళకి మనతో పనిలేదు" అనేవాడు. నడుమ కరిగి నల్లటి రేకు బయటపడి, చూరుకి బారెడు మంచు ఊచలు వేలాడుతుంటే, "చిల్లికుండలో నీళ్ళు పోస్తున్నారు వీళ్ళు. కట్టెలన్నీ ఆకాశానికే" అని నవ్వేవాడు. నేను కింద బండి దగ్గర యంత్రంలో కాగితపు దూది పోస్తుంటే, అతను అటకెక్కి గొట్టం పట్టుకునేవాడు. పాత వార్తాపత్రికలు చిదిమి చేసే దూది అది; అటక మీద మందంగా పరిస్తే ఇంట్లో వేడి కప్పులోంచి పోదు. ఉత్తరాన మా కైనూ అడవుల్లో మేమిద్దరం ఎక్కని అటక లేదు. నోటి దురుసు మనిషే గానీ నాకు అతనంటే ప్రాణం.

అతని అక్క సైమి, భర్త పోయాక, సరస్సుకి అవతలి ఒడ్డున, దుంగల ఇంట్లో ఒక్కతే ఉండేది. పొద్దున్నే కాఫీ తాగే ముందు అవతలి ఒడ్డున పొగ చూసుకోవడం మాకు అలవాటు. పొగ లేచిందంటే మనిషి లేచినట్టు. సైమి ఇంటిమీద పొగ కాస్త ఆలస్యమైతే చాలు, ఔలిస్ స్కీలు తగిలించుకుని గడ్డకట్టిన సరస్సు దాటేవాడు. ఆవిడకి ఫోనంటే గిట్టదు. ఫోను మోగితే చావు కబురేనని తీసేది కాదు.

ఆ ఏడు ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. రోజుకి రెండుసార్లు కట్టెలు మోయలేకపోతే వృద్ధాశ్రమానికి వెళ్ళాల్సిందేనని నర్సు చెప్పేసింది. ఆవిడకి అది చావుతో సమానం. "నా పొయ్యి దగ్గరే పోతాను గానీ అక్కడికి వెళ్ళను" అంది. అన్నాళ్ళూ అటక ఎక్కనివ్వనిది, అప్పుడు ఒప్పుకుంది.

ఎక్కాక తెలిసింది ఎందుకు ఎక్కనివ్వలేదో. చూరు సందుల నిండా పాత కోట్లు కుక్కి ఉన్నాయి.

"వాటి జోలికి వెళ్ళకురా" అని కిందనుంచి కేకేసింది. "గాలి కొట్టకుండా నేనే కుక్కాను."

"చూరుకి ఊపిరాడాలి అక్కా! ఇంట్లో ఆవిరంతా దూలాలకు పట్టి బూజెక్కిపోయింది ఇక్కడ."

"ఊరంతా ఇలాగే కుక్కుతారు."

"అందుకే ఊరంతా నాకు పని దొరుకుతోంది."

"అవి మీ బావ కోట్లురా ఔలిస్."

అతను ఒక్కొక్క కోటూ దులిపి, కిందకి తెచ్చి, వసారాలో కొయ్యలకి తగిలించాడు. తర్వాత పొగగొట్టం చుట్టూ నిప్పంటుకోని రాతి ఉన్ని పెట్టాడు. ఇంట్లోంచి వేడి పైకి పాకే ప్రతి సందూ మూశాడు. చూరు దగ్గర గాలికి దారి ఉండేలా పలకలు నిలబెట్టాడు. అణిగిపోయిన పాత రంపపు పొట్టు మీద మోకాలు దాటేదాకా దూది పరిచాడు. అటక తలుపుకి సైతం మెత్త కట్టాడు. అంత శ్రద్ధగా పనిచేయడం నేను ఎన్నడూ చూడలేదు.

ఆ తర్వాత ఆ ఇల్లు మారిపోయింది. ఒకసారి ఇటుక పొయ్యి రాజేస్తే రెండు రోజులు వేడి నిలిచేది. కప్పు మీద మంచు తెల్లగా, నిండుగా ఉండిపోయింది. సైమి రోజు విడిచి రోజు పొయ్యి వెలిగించేది. "పొగ లేదని పరుగెత్తుకు రాకురా, నీ స్కీలు అరిగిపోతాయి" అని తమ్ముణ్ణి ఆటపట్టించేది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున పొగ రాలేదు. అది పొయ్యి వెలిగించని రోజే. మర్నాడు కూడా రాలేదు. నేను ఔలిస్ వంటింట్లో ఏలకుల రొట్టె తింటున్నాను. అతను కిటికీలోంచి చూసి తొడ చరిచాడు.

"చూశావా! మూడో రోజుకి కూడా వేడి నిలిచింది. ఈ జిల్లాలో ఇలాంటి అటక ఇంకోటి చూపించు, మీసం తీసేస్తా."

"నీకు మీసమెక్కడిదయ్యా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ తర్వాతి పొద్దున కూడా పొగ లేకపోయేసరికి అతను స్కీలు అందుకున్నాడు. చేతి తొడుగులు కూడా వేసుకోకుండా వెళ్ళాడు.

సైమి పొయ్యి ముందు నేల మీద పడి ఉంది. తుంటి విరిగింది. చేతికందే దూరంలో కట్టెలు చెల్లాచెదురుగా ఉన్నాయి. డాక్టరు అన్నాడు, మామూలు ఇంట్లో అయితే మొదటి రాత్రికే గడ్డకట్టుకు పోయేదని, ఇల్లు వెచ్చగా ఉండబట్టే ఇన్నాళ్ళు ప్రాణం నిలిచిందని. ఆ మాట ఔలిస్‌కి ఓదార్పు అనుకున్నాడు పాపం.

ఆసుపత్రిలో ఆవిడ తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "చలి వేయలేదురా. నీ పని బంగారం" అంది. "పొగ లేదు కదా, వస్తావని తలుపు వైపే చూస్తూ పడుకున్నాను" అంది. నిందగా అనలేదు. చిన్నపిల్ల చెప్పినట్టు చెప్పింది. వారం తిరగకుండానే పోయింది.

మళ్ళీ చలికాలం వచ్చింది. ఒక పొద్దున అవతలి ఒడ్డున, సైమి ఖాళీ ఇంటిమీద పొగ కనిపించింది. కాఫీ అలాగే వదిలేసి వెళ్ళాను. కప్పు నడుమ మంచు కరిగి నల్లగా కనబడుతోంది, చూరుకి ఊచలు దిగుతున్నాయి. లోపల ఔలిస్ తన బావ కోటు తొడుక్కుని పొయ్యి ముందు కూర్చున్నాడు. అటక తలుపు బార్లా తెరిచి ఉంది. పైన దూదినంతా తన చేతులతోనే పక్కకి లాగేశాడు.

"వేడంతా పైకి పోతోందయ్యా" అన్నాను.

"పోనీ" అన్నాడు, ఇంకో కట్టె పెడుతూ. "ఒక్కరోజు రాజేయకపోయినా ఇప్పుడు ఈ ఇల్లు చల్లబడిపోతుంది. ఇంక నేను రోజూ రావాల్సిందే."