అయిదో గూటి బ్యాటరీ

దయ్యాలు, గాలి సోకడం, ఎవరో వెనక నిలబడ్డట్టు అనిపించడం, ఇలాంటి భయాలు నాకు ఎప్పుడూ లేవు. తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్ మూడో అంతస్తు బాత్రూముల్లో ఎవరో ఏడుస్తారని అమ్మాయిలు గుంపులుగా వెళ్ళేవాళ్ళు. నేను బకెట్ పట్టుకుని ఒక్కదాన్నే వెళ్ళి తలస్నానం చేసి వచ్చేదాన్ని. నేను చదివింది ఎలక్ట్రానిక్స్. ఆ ఏడుపు పైపులో గాలి వల్ల వస్తోందని కుళాయి తిప్పి మరీ చూపించాను.

నా భయాలు వేరే రకం. పాప పుట్టాక అవి ఎక్కువయ్యాయి. పాలు పొలమారుతాయేమో, ఉయ్యాల ముడి జారుతుందేమో, నిద్రలో ఊపిరి సరిగ్గా తీస్తోందో లేదో. వాటిలో ఒక భయం గురించే ఇది రాస్తున్నాను. పాప ఇప్పుడే పడుకుంది, మా ఆయన కూడా. రాత్రయితే తప్ప నాకు కూర్చుని రాసే తీరిక ఉండదు.

మేము అలిపిరి రోడ్డుకు దగ్గర్లో ఒక సందులో అద్దెకుంటున్నాం. ముందు గది ఒకప్పుడు చిల్లర కొట్టు, షట్టర్ ఉంది. కరెంటు ఆటోలకు బ్యాటరీలు మార్చిచ్చే కంపెనీ ఒకటి అలాంటి గదుల కోసం వెతుకుతోందని తెలిసి మా ఆయన ఒప్పుకున్నారు. ఆయన ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్. పొద్దున వెళ్తే సాయంత్రమే వస్తారు. కాబట్టి చూసుకోవాల్సింది నేను.

బీరువా అంత ఎత్తు పెట్టె అది. పన్నెండు గూళ్ళు, ఒక్కో గూటికి ఒక తలుపు, తలుపు మీద చిన్న దీపం. డ్రైవర్ వచ్చి ఫోన్ చూపిస్తే ఖాళీ గూడు తెరుచుకుంటుంది. అయిపోయిన బ్యాటరీ అందులో పెడితే, నిండిన బ్యాటరీ ఉన్న గూడు తెరుచుకుంటుంది. అంతా నెట్ మీదే నడుస్తుంది. ఏ గూట్లో ఏ నంబరు బ్యాటరీ ఉంది, ఎంత ఛార్జింగ్ ఎక్కింది, ఎంత వేడిగా ఉంది, అన్నీ నా ఫోన్లో కనిపిస్తాయి. ఎక్కడో పెద్ద ఊళ్ళో ఉన్న కంపెనీ ఆఫీసులోనూ కనిపిస్తాయి. నెట్ చెప్పకుండా తలుపు తెరుచుకోదు. చేత్తో ఎంత లాగినా రాదు.

నా పని పెద్దదేమీ కాదు. పొద్దున్నే ఫ్యాన్ల జాలీకి పట్టిన దుమ్ము దులపాలి. ఖాళీ గూళ్ళలో పిన్నులను పొడి బ్రష్‌తో తుడవాలి. నెట్ పోతే రౌటర్ ఆపి మళ్ళీ వేయాలి. ఎర్ర దీపం వెలిగితే ఆఫీసుకు ఫోన్ చేయాలి. బరువులెత్తే పని డ్రైవర్లదే. సిజేరియన్ అయినప్పటి నుంచి నేను నిండు బిందె కూడా ఎత్తడం లేదు.

ఆ పెట్టె ఆనుకున్న గోడకు అవతల మా పడకగది. సరిగ్గా అక్కడే పాప చీర ఉయ్యాల. ఇంట్లో ఉయ్యాల కట్టడానికి కొక్కెం ఉన్నది ఆ ఒక్క చోటే. ఎక్కడో ఎవరి బండి బ్యాటరీయో కాలిపోయిన వీడియో చూసిన రోజు నుంచి, పెట్టెను ఇంట్లోంచి తీయించేద్దామని నేను పోరుతూనే ఉన్నాను. కంపెనీ వాళ్ళు ఇరవై నాలుగు గంటలూ చూస్తుంటారు, నీకెందుకు దిగులు అని ఆయన అనేవారు. నేను మాత్రం గంటకోసారి వెళ్ళి చేతి వెనక వైపుతో గోడను తాకి చూసేదాన్ని.

దానికే మస్తాన్ అన్న నన్ను ఆట పట్టించేవాడు. బస్టాండు నుంచి అలిపిరికి యాత్రికులను తిప్పే ఆటో ఆయనది. యాభై దాటిన మనిషి. రోజూ రెండుసార్లు మా దగ్గరికి బ్యాటరీలకు వస్తాడు. "ఏమ్మా, ఈ పొద్దు గోడకి జొరం ఎంత ఉండాది?" అని అడిగేవాడు. నేను నవ్వకపోతే, "సున్నమంతా నీ చేతికే వచ్చేస్తాది, ఇంటి ఓనరు ఊరుకోడు సూడు" అనేవాడు.

చేతి వెనక వైపుతో వేడి చూడటం నాకు నాయన దగ్గర అబ్బిన అలవాటు. చిత్తూరులో నాయనకు బ్యాటరీలకు ఛార్జింగ్ పెట్టే షాపు ఉండేది. పిల్లలూ పెద్దలూ ఆయనను బ్యాటరీ మామ అనేవాళ్ళు. పెళ్ళిళ్ళ మైకు సెట్ల బ్యాటరీలు, ట్రాక్టర్ల బ్యాటరీలు, కరెంటు పోతే టీవీకి తగిలించుకునే బ్యాటరీలు, అన్నీ ఆయన బల్ల మీదికే వచ్చేవి. మామిడికాయల కాలంలో లారీల వాళ్ళతో షాపు ముందు నిలబడే చోటుండేది కాదు.

మూతలు విప్పి తీగలు తగిలిస్తే, కాసేపటికి లోపల నీళ్ళు సన్నగా బుడబుడమనేవి. ఆ చప్పుడు కోసం స్కూలు నుంచి రాగానే బల్ల కింద దూరి కూర్చునేదాన్ని. యాసిడ్ వాసన ముక్కుకు పుల్లగా తగిలేది. నా యూనిఫాం స్కర్టుకు ఎప్పుడూ అగ్గిపుల్ల తల అంత చిల్లులుండేవి. అమ్మ తిట్టేది, కొత్తది కుట్టించేది, దానికీ చిల్లులు పడేవి.

నాయన గాజు గొట్టంలోకి యాసిడ్ పీల్చి నా కళ్ళ ముందు పట్టుకునేవారు. లోపల తేలే బుడ్డి ఏ గీత దగ్గర ఆగిందో నేను చెప్పాలి. "ఎంత ఉండాది పాపా?" అని అడిగి, నేను చెప్పిన అంకెనే బ్యాటరీ మీద సుద్దముక్కతో రాసేవారు. నేను తప్పు చెప్పిన రోజు కూడా అదే రాసి, నేను అన్నం తినడానికి లోపలికి వెళ్ళాక దిద్దేవారట. ఈ సంగతి నా పెళ్ళయ్యాక అమ్మ చెప్పింది.

ఛార్జింగ్ పూర్తయిన బ్యాటరీని ఆయన వెంటనే ఇచ్చేవారు కాదు. పెళ్ళి మొదలవుతోందని మైకు సెట్టు వాళ్ళు ఎంత తొందర పెట్టినా, "ఇప్పుడే పాలు తాగిండాది, కొంచేపు పండుకోనీ అప్పా" అనేవారు. వాళ్ళు విసుక్కుంటూ టీ తాగి వచ్చేవాళ్ళు.

ఇన్వర్టర్లు వచ్చాక షాపు మూతపడింది. నాయన పోయి మూడేళ్ళు. పెట్టె మా ఇంటికి వచ్చిన కొత్తలో, పాప పడుకున్నాక దాని పక్కన కుర్చీ వేసుకుని ఫ్యాన్ల చప్పుడు వింటూ కూర్చునేదాన్ని. భయం ఒక పక్క ఉన్నా, ఆ చప్పుడు అంటే నాకు ఇష్టంగానే ఉండేది.

ఇక అసలు విషయం. పోయిన ఎండాకాలం, మధ్యాహ్నం. పాపకు అప్పుడు పది నెలలు. మా ఆయన బంధువుల పెళ్ళికని శ్రీకాళహస్తి వెళ్ళారు. రెండు గంటలకు ఫోన్లో పెట్టె చూశాను. అన్ని గూళ్ళూ మామూలుగా ఉన్నాయి. అయిదో గూట్లో అరవై ఎనిమిది శాతం. వేడి కూడా ఉండాల్సినంతే ఉంది. షట్టర్ సగం దించి, పాపను ఊపుతూ ఉయ్యాల పక్కన చాప మీద ఒరిగాను. నిద్ర పట్టేసింది.

బయట నుంచి మస్తాన్ అన్న పిలుస్తుంటే మెలకువ వచ్చింది. మూడు కావస్తోంది. మేడ మీద గది కట్టినప్పుడు మిగిలిన ఇసుక ఇంటి ముందు, ప్రహరీ గోడ వారగా కుప్ప పోసి ఉంటుంది. ఆయన దాని దగ్గర నిలబడి ఉన్నాడు.

"దీన్ని ఎందుకమ్మా ఈడ పండబెట్టినావు?" అన్నాడు.

ఇసుక మీద తడి గోనెసంచి. దాని మీద మా బ్యాటరీ ఒకటి, పిన్నులున్న వైపు ప్రహరీ గోడకు తిప్పి పడుకోబెట్టి ఉంది. పక్కలు పొంగిన పూరీలా ఉబ్బి ఉన్నాయి.

నేను ముందుకు వంగాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ముట్టొద్దు. బిడ్డను ఎత్తుకోని వెనక పక్కకు పో."

పాపను ఎత్తుకుని పెరటి తలుపు గడియ తీస్తుండగానే, కుక్కర్ విజిల్ లాంటి చప్పుడు వినిపించింది. తరవాత తెల్లటి పొగ, నోట్లో ఇనుము పెట్టుకున్నట్టు ఒక రుచి. మంట ఒక్కసారి మనిషి నడుమెత్తు లేచి గోడకు కొట్టి పడిపోయిందని మస్తాన్ అన్న తరవాత చెప్పాడు. ఆయన రెండు చేతులతో ఇసుక ఎత్తి పోస్తూనే ఉన్నాడు. ప్రహరీ గోడ జానెడు మేర నల్లబడింది. ఇంకేమీ కాలలేదు.

పొగ తగ్గాక పాపను చంకనేసుకునే వచ్చి ఫోన్ తీశాను. అయిదో గూడు: ఛార్జింగ్, డెబ్బై నాలుగు. ఇద్దరం చూస్తుండగానే డెబ్బై అయిదు అయింది. ఇసుకలో ఉన్నదాని పిడి మీద సగం కాలిన నంబరు ఇంకా చదవడానికి వస్తోంది. ఫోన్లో అయిదో గూటి ఎదురుగా ఉన్నదీ అదే నంబరు.

"ఇది ఇంకా లోపలే ఉండాదంటాందే" అన్నాడు మస్తాన్ అన్న. ఆ రోజు ఆయన ఇంకేమీ హాస్యమాడలేదు.

కంపెనీకి ఫోన్ చేస్తే, వాళ్ళు అక్కడి నుంచే అయిదో తలుపు తెరిచారు. లోపల ఏమీ లేదు. తలుపు తెరుచుకున్నాకే ఫోన్లో ఖాళీ అని వచ్చింది.

సాయంత్రం మా ఆయన వచ్చి అంతా విన్నారు. నిద్రమత్తులో నువ్వే తీసి పెట్టి మర్చిపోయి ఉంటావు, నెలల తరబడి నీకు సరైన నిద్ర లేదు కదా అన్నారు. ఆ మాట నిజమైతే బాగుండునని నేనూ అనుకున్నాను. ఇద్దరం కూర్చుని కెమెరా చూశాం. కంపెనీ బిగించిన ఆ కెమెరా పెట్టెకు ఎదురుగా ఉంటుంది. రెండు నుంచి మూడు దాకా అయిదో తలుపు ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. దాని మీద, ఛార్జింగ్ ఎక్కుతోందని చెప్పే నారింజ రంగు దీపం వెలుగుతూనే ఉంది. ఆ గంటలో మిగతా గూళ్ళ లెక్కలన్నీ సరిగ్గానే నడిచాయి కాబట్టి నెట్ పోయిందనడానికీ లేదు.

తరవాత గోనెసంచి సంగతి గుర్తొచ్చింది. అది మా పెరట్లోది. కొబ్బరి చిప్పలు వేసి చాకిరేవు బండ పక్కన పెట్టుకున్నాను. వెళ్ళి చూస్తే, చిప్పలన్నీ బండ పక్కన కుప్పగా పోసి ఉన్నాయి. మా పెరట్లోకి బయటి నుంచి దారి లేదు. పడకగదిలోంచే వెళ్ళాలి. ఆ తలుపుకు లోపలి గడియ నేనే పెట్టాను, మంటలప్పుడు నేనే తీశాను.

రాత్రి చిత్తూరుకు ఫోన్ చేసి అమ్మకు చెప్పాను. బ్యాటరీ ఉబ్బిందనీ, ఇసుక మీద ఉందనీ, పాప క్షేమమనీ చెప్పాను.

"గోనె తడిపి ఏసిండిందా?" అంది అమ్మ.

గోనె సంగతి నేను ఇంకా చెప్పలేదు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. అనుమానం ఉన్న బ్యాటరీని నాయన బల్ల మీద ఉంచేవారు కాదు. షాపు బయట ఇసుక మీద గోనె తడిపి పరిచి, మూతల వైపు గోడకు తిప్పి పెట్టేవారు. చిమ్మితే గోడకు చిమ్మాలి గానీ మనిషి ముఖాన కాదనేవారు. చిన్నప్పుడు వంద సార్లు చూసి ఉంటాను. పగలంతా ఆ బ్యాటరీని చూస్తూ కూడా నాకు తట్టలేదు. అమ్మకు వినగానే తట్టింది.

"మీ నాయనకి యాసిడ్‌వే తెలుసు. ఈ నెట్టువి ఆయన సూడను కూడా లేదు" అంది అమ్మ. అది నాకు చెప్పిందో, తనకు తాను చెప్పుకుందో తెలియలేదు. తరవాత పాప ఏం తినిందని అడిగింది.

రెండు రోజులకు కంపెనీ ఇంజనీరు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. పెట్టెలోని రికార్డులన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని, అయిదో తలుపు తాళాన్ని విప్పి మళ్ళీ బిగించి, చాలాసేపు తల గోక్కున్నాడు. చివరికి ఒక ఫారం నా ముందు పెట్టాడు. బ్యాటరీని బయటికి తీసినవారి పేరు అని అందులో ఒక గడి ఉంది.

"మీ పేరు రాసేయండి మేడమ్. ఉబ్బడం చూసి మీరే బయట పెట్టారంటే ఇక్కడితో అయిపోతుంది. గడి ఖాళీగా ఉంటే, కారణం తేలేదాకా పెట్టె ఇక్కడ ఉంచనివ్వరు" అన్నాడు.

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. "రాస్తే ఎవరికేం నష్టం?" అన్నారు నెమ్మదిగా.

నెలల తరబడి నేను కోరుకున్నదే అది, పెట్టె పోవడం. తీరా ఆ గడి ముందు పెన్ను పట్టుకుని కూర్చుంటే, దాన్ని పంపించబుద్ధి కాలేదు. పెట్టె వెళ్ళిపోతే, ఆ బ్యాటరీని తీసి పడుకోబెట్టిన చేతులకు మళ్ళీ మా ఇంట్లో ఏం పని ఉంటుంది అనిపించింది. చదువుకున్నదాన్ని, అలా అనిపించిందని రాయడానికి సిగ్గుగానే ఉంది.

పక్కగదిలో పాప లేచి ఏడ్చింది. నాకు గుర్తు లేని పనికి నా పేరు రాయలేక, గడి అలాగే వదిలేసి, కింద సంతకం పెట్టి, కాగితం ఇచ్చేసి వెళ్ళాను.

ఆ వారంలోనే మినీ లారీ వచ్చి పెట్టెను తీసుకెళ్ళింది. కారణం ఇప్పటికీ తేలలేదని అడిగినప్పుడల్లా చెబుతారు. నేనూ చాలా రకాలుగా ఆలోచించాను. ఏ రకంగా చూసినా తలుపు దగ్గరో, గోనెసంచి దగ్గరో ఆగిపోతాను. అది నేనే అయితే నాకు గుర్తు లేదు. ఇంకెవరైనా అయితే, గోనెసంచి కోసం వెళ్ళేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి, ఉయ్యాల పక్క నుంచే నడిచి ఉండాలి. పాపను చూసే ఉంటారు.